పెరటి సంపద: పట్టుకోళ్లను పొదిగించుట

గోదావరి తీరమందలి యొక గ్రామమునుండి ఒక సోదరి నాకు వ్రాసిన జాబును ఈ మాసము పాఠకురాండ్ర ముందుంచుచున్నాను. ఆమె సిల్కీ కోళ్లను పెంచవలెనని ముచ్చటపడి దూరపు పట్టణమునుండి 12 గ్రుడ్లను బస్సులో తెప్పించుకొన్నది. అవి రెండు దినములు ప్రయాణము చేసి వచ్చినవి. వచ్చిన సాయంకాలమే వానిని చిన్న విద్యుత్ పొదుగు యంత్రములో పెట్టినది. అది వైశాఖ మాసము. 21వ దినమున ఒక పిల్ల బయటికి వచ్చినది. వేరొక పిల్ల పెంకును పొడిచి ఆగిపోయినది. ఆరు గంటలు కనిపెట్టుకొని చూచి, ఊపిరాడక చచ్చిపోవునేమో యని భయపడి, ఆమె స్వయముగా పెంకు ఒలిచినది. నెత్తురు కారి ఆ పిల్ల చేతిలోనే ప్రాణము విడిచినది. తక్కిన పదింటినుండి ఏదియు రాలేదు. అత్తగారు చూచి, "నీ చేతివాసి మంచిది కాదు, ప్రాణమున్న వస్తువుల జోలికి పోకు" అన్నారట. తాను మరల ప్రయత్నింపవచ్చునా, లేక అత్తగారు చెప్పినదే నిజమా యని ఆ సోదరి నన్ను అడుగుచున్నది.

జాబులో నాకు మెచ్చుకోదగినదిగా తోచిన విషయ మొకటి కలదు. ఆమె రాని గ్రుడ్లను దిబ్బమీద పారవేయలేదు. ఒక్కొక్కటే పగులగొట్టి, చూచినది చూచినట్లు వ్రాసినది. నాలుగింటిలో పచ్చసొన తప్ప ఏమియు లేదు. రెండింటిలో సన్నని నెత్తుటి వలయము కనిపించినది. నాలుగింటిలో బొచ్చు వచ్చి సంపూర్ణముగా పెరిగిన పిల్లలు చచ్చి యున్నవి. యంత్రమును మేడమీద రేకుల గదిలో పెట్టితిననియు, రాత్రులయందు 37.5 డిగ్రీలు చూపునది మధ్యాహ్నములయందు 39, 40 డిగ్రీల వరకు పోవుచుండెననియు కూడ వ్రాసినది. తప్పు ఎచ్చట జరిగెనో తెలిసికొనుటకు ఈ సాక్ష్యము చాలును. అయితే అది తెలియుటకు ముందు ఈ పక్షి ఎట్టిదో, గ్రుడ్డులో జరుగు పని ఎట్టిదో తెలియవలెను.

పట్టుకోడి యనగా నేమి?

సిల్కీ యనగా పట్టువంటిదని అర్థము. కావున దీనిని మనము పట్టుకోడి యనుకొనవచ్చును. ఇది చీనా దేశపు జాతి. 13వ శతాబ్దమున ఆ దేశమున సంచరించిన మార్కో పోలో, పిల్లికివలె బొచ్చుండి నల్లగా నుండు కోళ్లు అచ్చట కలవని తన యాత్రావృత్తాంతమున చెప్పియున్నాడు. అవి ఈ జాతివే యని పలువురి అభిప్రాయము. మామూలు కోడి ఈకలోని సన్నని పోగులు చిన్న చిన్న కొక్కెములతో ఒకదాని నొకటి పట్టుకొని యుండుటచేత ఈక విసనకఱ్ఱవలె బిగిసి యుండును. ఈ జాతి ఈకలో ఆ కొక్కెములు పట్టు కుదురవు. అందుచేత పోగులు విడివడి, దూదివలె మెత్తగా నుండును. చూచుటకు సొగసే కాని, ఈ సొగసుతో రెండు కష్టములు వచ్చినవి. ఈ కోడి ఎగురలేదు. దాని మీద పడిన వాననీరు జారిపోక బొచ్చులో ఇంకిపోవును.

దీని చర్మము, ఎముకలు నల్లనివి. చెవితమ్మెలు నీలివన్నెగా నుండును. కోళ్లకు సామాన్యముగా కాలికి నాలుగు వ్రేళ్లుండగా దీనికి ఐదు కలవు. మధ్యప్రదేశమందలి ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ కోడి, అనగా 2018వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు పొందినది, అదియు నల్లని చర్మము గలదే. కాని దాని ఈకలు మామూలు ఈకలే. కొనునపుడు బొచ్చును, ఐదవ వ్రేలును చూచిన చాలును.

లాభము నాశించి ఈ కోడిని పెంచువారు ఆశాభంగము పొందుదురు. ఏడాదికి ఇంచుమించు 100 మొదలు 120 వరకు చిన్న గ్రుడ్లు పెట్టును. కొంచెము మాంసము. దీని గొప్పతనమంతయు సాధుత్వమందును, పొదుగు గుణమందును ఉన్నది. పిల్లలు ఒడిలో పెట్టుకొన్నను ఊరకుండును. గ్రుడ్లు తనవైనను బాతువైనను పొదుగును. చీనా దేశమున బాలెంతలకు ఈ నల్లకోడి చారు బలకరమని పెట్టు వాడుక చాలకాలమునుండి కలదు.

గ్రుడ్ల ప్రయాణము

ఇక ఆ నాలుగు వట్టి గ్రుడ్ల సంగతి. పుంజు కలియని గ్రుడ్డు ఎన్ని దినములు వేడిలో నుంచినను పిల్ల కాదు. పట్టుకోళ్లలో తోకక్రింది బొచ్చు దట్టముగా నుండుటచేత పుంజు కలిసినను ఫలింపకపోవుట తరచుగా జరుగును. తెలిసిన పెంపకందార్లు అచ్చటి బొచ్చును కత్తెరతో కురుచగా కత్తిరింతురు. గ్రుడ్లు కొనుటకు ముందు ఈ మాట అమ్మువారిని అడుగవలెను. ఆ నాలుగింటికిని పొదిగించిన చేతితో ఏ సంబంధమును లేదు.

నెత్తుటి వలయము కనిపించిన రెండింటిలో జీవము మొదలై మొదటి దినములలోనే ఆగిపోయినది. పొదుగుటకు ఉంచు గ్రుడ్లను 12 మొదలు 18 డిగ్రీల చల్లదనములో సన్నని కొన క్రిందికి వచ్చునట్లు నిలిపి, ఏడు దినములు మించకుండ వాడుకొనవలెను. అంతకంటె బాగుగా వేడియైన చోట నుంచితిమా, లోపలి జీవము అరకొరగా మేల్కొని, ముందుకు పోవుటకు చాలినంత వేడి లేక క్షీణించును. వైశాఖపు టెండలో రెండు దినములు బస్సులో కుదుపులతో వచ్చిన గ్రుడ్ల గతి ఇదియే. ప్రయాణము చేసి వచ్చిన గ్రుడ్లను తక్షణమే పొదుగుటకు పెట్టక, కుదుపులకు చెదరిన లోపలి గాలితిత్తి కుదుటపడుటకై, సన్నని కొన క్రిందుగా ఒక రాత్రియంతయు కదలక యుండనీయవలెను.

యంత్రమునకు వేడిచేయుటయే తెలియును

పొదుగు యంత్రములోపల విసనకఱ్ఱ తిరుగునదైనచో 37.5 డిగ్రీల వేడి 21 దినములు నిలుకడగా నుండవలెను. విసనకఱ్ఱ లేని పెట్టెలో గ్రుడ్ల పైభాగమునకు సరిగా ఉష్ణమాపకము నుంచి, ఒక డిగ్రీ ఎక్కువగా చూచుకొనవలెను. యంత్రమునకు వేడి పుట్టించుట తెలియును గాని చల్లబరచుట తెలియదు. గదియే 40 డిగ్రీలున్నప్పుడు అది దీప మార్పి కూర్చుండగలదే గాని వేడిని క్రిందికి తేలేదు. అంతేకాదు, 14వ దినము దాటిన పిమ్మట లోపలి పిల్ల తనంతట తానే వేడి పుట్టించును. బయటి గాలికంటె గ్రుడ్డే ఎక్కువ వేడిగా నుండును. అట్టి దశలో మధ్యాహ్నమంతయు 40 డిగ్రీలున్న రేకుల గదిలో సంపూర్ణముగా పెరిగిన నాలుగు పిల్లలు నశించుటకు వేఱు కారణము వెదకనక్కరలేదు.

మన ఆడువారు సామాన్యముగా కరెంటు పోవునని భయపడుదురు. పొదుగు మధ్యకాలమున రెండు మూడు గంటలు కరెంటు లేకున్నంత మాత్రమున గ్రుడ్లు చెడవు. పెట్టె మూత తీయక, పైన దుప్పటి కప్పిన వేడి చాలసేపు నిలుచును. పొదుగు పెట్టయు దినమున కొకసారి గ్రుడ్లను విడిచి మేతకు పోవుచున్నది కదా! గ్రుడ్డు చల్లదనమును ఓర్చుకొనును, అతివేడిని ఓర్చుకొనలేదు. కావున మన దేశమున తొలిసారి ప్రయత్నించువారు కార్తీకమునుండి మాఘమువరకు గల కాలమును ఎన్నుకొని, ఇంటిలో మిక్కిలి చల్లనైన, ఎండ సోకని గదిలో యంత్రము నుంచవలెను.

మొదటి 18 దినములు

గ్రుడ్లను దినమునకు మూడు సారులైనను త్రిప్పవలెను. లేనిచో పిండము పెంకులోని పొరకు అంటుకొనును. ఒక ప్రక్క పెన్సిలుతో గుర్తు పెట్టుకొన్నచో ఏది త్రిప్పినది ఏది త్రిప్పనిది తెలియును. 7వ దినమున చీకటి గదిలో సెల్‌ఫోను దీపమును గ్రుడ్డు లావు కొనకు ఆనించి చూడవలెను. ఎఱ్ఱని నరములు సాలెగూడువలె వ్యాపించి కనిపించిన జీవమున్నట్లు. ఏమియు కనిపించనివానిని, నెత్తుటి వలయమున్నవానిని తీసివేయవలెను. అవి మురిగి పగిలినచో మంచివి కూడ చెడును.

తేమ విషయమున తొలిసారి పెట్టువారు పొరబడుదురు. గ్రుడ్డులోని నీరు కొంత పెంకు రంధ్రముల గుండ ఆవిరియై పోయిననే గాలితిత్తి పెద్దదై, పిల్లకు తొలి ఊపిరికి చోటు దొరకును. మొదటి 18 దినములు తేమ నూటికి 50 పాళ్ల దరిదాపున చాలును. మచిలీపట్టణము వంటి సముద్రతీరపు టూళ్లలో గాలియందే తేమ యుండుటచేత పళ్లెమున నీరు పోయనక్కరలేకపోవచ్చును. అనంతపురము వంటి పొడినేలలో తప్పక పోయవలసియుండును. దీనికి వంటింటి త్రాసే మంచి గురువు. 18వ దినమునాటికి గ్రుడ్డు తన బరువులో నూటికి 11 మొదలు 13 పాళ్లు తగ్గవలెను. 12 గ్రుడ్లు కలిసి 480 గ్రాములు తూగినచో 18వ దినమున ఇంచుమించు 422 గ్రాములు తూగవలెను. మధ్యలో తూచినపుడు తగ్గుదల చాలకున్న నీటిని తీసివేయవలెను, మితిమీరిన నీరు పోయవలెను.

చివరి మూడు దినములు

18వ దినమున త్రిప్పుట మానవలెను. తేమను నూటికి 65 మొదలు 70 పాళ్లకు పెంచి, మూత మూసివేయవలెను. మన సోదరి ఈ మూడు దినములలో చూడవలెనను ఆత్రముతో పది సారులు మూత తీసినదట. తీసిన ప్రతిసారియు తేమ బయటికి పోయి, లోపలి పొర ఎండి తోలువలె బిగిసి పిల్లను చుట్టుకొనును. అద్దపు మూత గుండ చూచుట తప్ప మనకు అక్కడ చేయవలసిన పని లేదు.

ఇప్పుడు ఆమె చేతిలో చచ్చిన పిల్లను గూర్చి. ఇది చెప్పుట నాకు కష్టముగనే యున్నది. పిల్ల మొదట లోపలి పొరను పొడిచి గాలితిత్తిలోనికి ముక్కు చాచి తొలి ఊపిరి తీయును. పిమ్మట పెంకును పొడుచును. పొడిచిన తరువాత అది ఆగి విశ్రమించును. మనకు విశ్రాంతిగా తోచు ఆ సమయముననే లోపల గొప్ప పని జరుగుచుండును. పొరలలోని నరములలో తిరుగు నెత్తురు పిల్ల దేహములోనికి మరలును, మిగిలిన పచ్చసొన కడుపులోనికి పోవును. ఇందులకు 12 గంటలు పట్టవచ్చును, 24 గంటలైనను పట్టవచ్చును. ఆలోపల పెంకు ఒలిచినచో నెత్తురుతో నిండిన పొరను చించినట్లే. సోదరీ! నీవు నిర్దయచేత కాదు, దయచేతనే తొందరపడితివి. కాని ఆ ఘడియలో చేతులు కట్టుకొని కూర్చుండుటయే దయ. నేనును నా తొలి పొదుగులో ఈ తప్పే చేసితిని. అందుచేతనే దీనిని ఇంత వివరముగా వ్రాయుచున్నాను.

పుట్టిన పిల్లలు ఆరి బొచ్చు విచ్చువరకు పెట్టెలోనే యుండవచ్చును. కడుపులోని పచ్చసొన వానిని ఒకటి రెండు దినములు పోషించును గనుక మేతకు తొందర లేదు.

పిల్లల పోషణ

మొదటి వారము పిల్లలుండు చోట 35 డిగ్రీల వేడి యుండవలెను. తరువాత వారమునకు మూడేసి డిగ్రీలు తగ్గించుకొనుచు పోవలెను. ఉష్ణమాపకముకంటె పిల్లలే నిజము చెప్పును. దీపముక్రింద గుంపుగూడి అరచిన చలి, దూరముగా పోయి నోరు తెరచిన వేడి, అంతట చెదరి తిరిగిన సరియైన స్థితి. క్రింద వట్టి కాగితము పరచిన కాళ్లు జారి విడిపోయి అవిటివగును. మొదటి దినములు గోనెగుడ్డయు, పిమ్మట ఊకయు పరచవలెను. పట్టుకోడి పిల్లలు మామూలువానికంటె చిన్నవి, బొచ్చు తడిసిన త్వరగా ఆరవు. నీటి పాత్ర లోతులేనిదై, అందులో గులకరాళ్లు పరచినదై యుండవలెను. మేతగా ఒట్టి నూకలు చాలవు. మాంసకృత్తులు నూటికి 20 పాళ్లున్న కోడిపిల్లల దాణా మొదటి ఆరు వారములైనను పెట్టవలెను.

ఈ జాతిలో కొన్నిటికి నడినెత్తి ఎముక పూర్తిగా మూసికొనక మెత్తగా నుండును. పెద్దకోడి ఒక్క పోటు పొడిచినను ప్రాణాపాయము. కావున వీనిని నాటుకోళ్ల గుంపులో విడువరాదు. పెరిగిన పిమ్మట నెత్తి కుచ్చు కండ్లకు అడ్డుపడును, దానిని కొంచెము కత్తిరింపవలెను. ఎగురలేని కోడి గనుక పిల్లులు, ముంగిసలు, పందికొక్కులు చొరనట్టి ఇనుపవల గూడు నేలమీదనే యుండవలెను. వానకాలమున తడిసిన కోడిని వెంటనే గుడ్డతో అద్ది ఆరబెట్టవలెను.

కొక్కెర తెగులునకు టీకాచుక్క 5వ దినమునకును 7వ దినమునకును మధ్య వేయుదురు. పశువైద్యశాలలో అడిగి వేయించుకొనవలెను. కాళ్లు పడిపోవు మారెక్స్ వ్యాధికి ఈ జాతి సులువుగా లోబడును. దాని టీకా పుట్టిననాడే వేయవలసినది. పిల్లలను కొనువారు వేసినారో లేదో అడుగవలెను. కోళ్లను ముట్టిన పిల్లలచేత తప్పక సబ్బుతో చేతులు కడిగింపవలెను. ముద్దు పెట్టుకొననీయరాదు.

వేరొక మాట. పుట్టినవానిలో ఇంచుమించు సగము పుంజులగును. పట్టుకోళ్లలో ఏది పుంజో ఏది పెట్టో నాలుగైదు నెలలవరకు తెలియుట కష్టము. ముద్దుగా పెంచి, పేరు పెట్టి, ఆరవ నెలలో ఇరుగుపొరుగువారు కూతలకు విసిగినపుడు ఏమి చేయవలెనో తెలియక విలపించుటకంటె, గ్రుడ్లు పెట్టుటకు ముందే ఇంటిల్లిపాదియు కూర్చుండి పుంజుల సంగతి నిర్ణయించుకొనుట మేలు.

ఆ సోదరికి సమాధానము

పన్నెండింటి లెక్క ఇప్పుడు తేలినది. నాలుగు గ్రుడ్ల సంగతి అమ్మినచోటనే తీరినది. రెండు బస్సులో చెడినవి. నాలుగు ఎండకు, మూత తీసిన ఆత్రమునకు బలియైనవి. ఒకటి తొందరపాటువలన పోయినది. ఒకటి బ్రదికినది. ఇందులో చేతివాసి యెక్కడ నున్నది? రానున్న కార్తీకమున నిస్సందేహముగా మరల పెట్టవచ్చును.

అయితే ఈ లెక్కను అత్తగారిముందు పరచి వాదింపవలదని నా మనవి. ఆమె మనవంటి పల్లెటూళ్లలో పెరిగినవారు. గంపలో గడ్డి పఱచి, మసకచీకటివేళ పెట్టను గ్రుడ్లమీద కూర్చుండబెట్టుటయు, ఉఱుముల భయమున గంపలో ఇనుపముక్కయు బొగ్గును వేయుటయు ఆమె తప్పక చూచియుందురు. ఇనుపముక్క మాట ఎట్లున్నను, మసకచీకటివేళ కూర్చుండబెట్టిన పెట్ట లేచిపోదనునది అనుభవసిద్ధమైన మాట. ఈసారి యంత్రము విడిచి, పొరుగింటనుండి పొదుగునకు వచ్చిన నాటుపెట్ట నొకదానిని తెచ్చి, దానిక్రింద ఎనిమిది పట్టుకోడి గ్రుడ్లు పెట్టుము. ఎట్లు పెట్టవలెనో అత్తగారినే అడుగుము. పెట్టకు వేడి కొలత ఎవ్వరును నేర్పనక్కరలేదు. అది గ్రుడ్లను తానే త్రిప్పుకొనును. నీవు చూడవలసినది, అది దినమున కొకసారి లేచి మేత తిని, నీరు త్రాగి, విసర్జించి వచ్చుచున్నదో లేదో యను నంతమాత్రమే. లేవకున్న నీవే మెల్లగా ఎత్తి పావుగంట బయట విడువవలెను.

ఇక బ్రదికిన ఆ ఒక్క పిల్ల. దానిని ఒంటిగా ఉంచకుము. కోడిపిల్లకు తోడులేమి చలితో సమానము. అదే వయస్సుగల నాటుపిల్లలను రెండింటిని తెచ్చి దానితో కలుపుము. దైవవశమున అది పెట్టయైనచో ఏడెనిమిది నెలలలో గ్రుడ్లు పెట్టనారంభించి, కొలది కాలములో పొదుగునకు కూర్చుండును. ఒక్కసారి కూర్చున్న పట్టుపెట్టను లేపుట తరము కాదు. అప్పుడు నీ పెరటికి యంత్రముతో పనిలేదు.

కార్తీకమున ఏమి జరిగినదో, రాని గ్రుడ్లలో ఏమి కనిపించినదో, ఈసారియు చూచినది చూచినట్లు వ్రాయగోరుచున్నాను. ఇతర సోదరీమణులును తమ పొదుగుల లెక్కలు పంపినచో ఈ పుటయందు చర్చింతుము. వచ్చే మాసము, పొదుగు మానని పెట్టను మాన్పించుట గూర్చియు, వేసవిలో కోళ్లను కాపాడుకొనుట గూర్చియు ముచ్చటింతము.